వార్త రాయడానికి రెండేళ్ళ చదువా?

బుజ్జికీ, చిన్నోడికీ,

మీరు పంపిన వాయిస్ మెసేజ్ నాలుగుసార్లు విన్నాను. అక్కకి ఉస్మానియాలో జర్నలిజం పీజీ సీటొచ్చిందని ఇంటిల్లిపాదీ సంబరపడుతుంటే మధ్యలో చిన్నోడు, "వార్తంటే జరిగింది రాయడమే కదా తాతా, దానికి డిగ్రీ అయిపోయాక మళ్ళీ రెండేళ్ళు చదవాలా?" అన్నాడని అందరూ నవ్వారట. నవ్వాల్సిన ప్రశ్నేం కాదు అది. మా నాన్న నన్ను ఇదే అడిగాడు, కాకపోతే చేతిలో ఫీజు రసీదు పట్టుకుని కాస్త గట్టిగా అడిగాడు.

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. డాక్టరుకీ వకీలుకీ ఉన్నట్టు విలేకరికి లైసెన్సు ఉండదు. ఈ చదువు చదవకుండానే పత్రికలు నడిపిన మహానుభావులున్నారు. నానమ్మ తలనొప్పికి అమృతాంజనం రాసుకుంటుంది చూడండి, ఆ మందు తయారుచేసి అమ్మిన కాశీనాథుని నాగేశ్వరరావు గారే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు. 1926లో హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు చదివింది లా. ఇప్పటికీ పెద్ద పేపర్లు సొంతంగా పరీక్ష పెట్టి, పిల్లల్ని తీసుకుని, కొన్ని నెలలు నేర్పించి పనిలో పెట్టుకుంటాయి. కాబట్టి "అక్కర్లేదురా" అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ అలా తేల్చేస్తే దర్జీ మామ సంగతి చెప్పే అవకాశం పోతుంది.

మా ఊరికి పేపరు పొద్దున పదింటి బస్సుకి వచ్చేది. కండక్టరు కిటికీలోంచి కట్ట విసిరితే అది తిన్నగా దర్జీ మామ అరుగు మీద పడేది. ఊళ్ళో పేపరు తెప్పించేది ఆయన ఒక్కడే, అదీ చదవడానికి కాదు, పేపరుంటే నలుగురు కూర్చుంటారు, కూర్చున్నవాళ్ళు బట్టలిస్తారు అని. ఆయనకి చదవడం రాదు. బడికి సెలవైతే నేనే గట్టిగా చదివి వినిపించేవాణ్ణి, దానికి జీతం ఒక నిమ్మతొన బిళ్ళ. మామ మిషను తొక్కుతూనే వినేవాడు. కథ పసందుగా ఉన్నప్పుడు మిషను ఆగేది, ఆ ఆగడం కోసం నేను మధ్యమధ్య రెండు మాటలు సొంతంగా కలిపేవాణ్ణి కూడా. (ఇది అక్కకి చెప్పకండి.)

ఆ కొట్లో పనికి చేరిన కుర్రాణ్ణి మొదటి రోజే మిషను మీద కూర్చోపెట్టేవాడు కాదు మామ. ఆరు నెలలు కాజాలు కుట్టించేవాడు, గుండీలు వేయించేవాడు. అక్క కూడా మొదట్లో పెద్ద కథనాలేం రాయదు. ఫలానా చోట ఫలానా సభ జరిగింది అని నాలుగు లైన్లు రాస్తుంది, సారు ఎర్ర పెన్నుతో కొట్టేస్తారు, మళ్ళీ రాస్తుంది. ఆ తర్వాత కొలతలు. జనం బద్ధకించి పాత చొక్కా తెచ్చి "ఇదిగో ఆది, దీని ప్రకారం కుట్టెయ్" అనేవాళ్ళు. మామ ఒప్పుకునేవాడు కాదు. "ఆది చొక్కా నిరుటిది, నువ్వు ఈ ఏటివాడివి, నిలబడు" అని టేపు తీసేవాడు. వార్తలోనూ ఆది చొక్కాలుంటాయి. నిరుడు వరదలకి రాసిన వార్తే ఊరి పేరు మార్చి ఈ ఏడూ రాసేస్తారు కొందరు. ఇంక గుడ్డ మడత సంగతి. చొక్కా అంచు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలి కుట్టేవాడు, పైకి కనపడదు, కానీ ఉంటుంది. విలేకరికీ అంతే, తెలిసిందంతా పేపర్లో వేయకూడదు. మీ వయసు పిల్లలు ఏదైనా కేసులో చిక్కుకున్నారనుకోండి, వాళ్ళ పేరు, ఇల్లు, చదివే బడి, ఫొటో ఏవీ వేయకూడదని 2015 నాటి బాలల చట్టం చెబుతోంది. విలేకరికి పేరు తెలుసు, నోట్‌బుక్‌లో ఉంటుంది, లోపలి మడతలోనే ఉండిపోతుంది. ఇలాంటి చట్టాల మీద అక్కకి ఏకంగా ఒక సబ్జెక్టుంది.

అరెరే, దర్జీ కొట్లోంచి బయటికి రావడం లేదు నేను. ఇంకొక్కటి చెప్పి వచ్చేస్తాను.

నేను ముందు చదివి తర్వాత పనిలో చేరలేదు. డిగ్రీ అవ్వగానే ఒక పేపరుకి మా తాలూకా కంట్రిబ్యూటరుగా, అంటే ఊళ్ళ వార్తలు పంపే విలేకరిగా కుదిరాను. లైన్ అకౌంటు, అంటే పడిన వార్త పొడవు కొలిచి డబ్బులిస్తారు. (అచ్చం గజాల లెక్కే!) ఒక రాత్రి లారీ బోల్తా పడి ఒకాయన పోయాడు. స్టేషనుకి ఫోన్ చేస్తే కానిస్టేబుల్ పేరూ ఊరూ చెప్పాడు. ఆ ఊరు నాలుగు మైళ్ళు, నా సైకిలుకి గాలి కూడా ఉంది. వెళ్ళలేదు. చెప్పింది చెప్పినట్టు పంపేశాను.

మర్నాడు సాయంత్రం ఒకాయన మా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి ఎనిమిది మడతలు పెట్టిన పేపరు తీశాడు, చెమటకి తడిసి మడతల దగ్గర చిరిగింది. నా వార్తే. "ఇందులో ఉన్నది నేనే సారూ" అన్నాడు. ఆ ఊళ్ళో ఒకే పేరువాళ్ళు ఇద్దరున్నారు, ఇంటిపేరూ ఒకటే. ఈయన వేరే ఊరికి కోతలకి పోయాడు. వాళ్ళమ్మకి చూపు లేదు, ఎవరో పేపరు చదివి వినిపించారట. ఈయన ఇల్లు చేరేదాకా పొద్దంతా ఆవిడ ఏడుస్తూనే ఉందట. నన్ను తిట్టలేదు. "తండ్రి పేరు ఒకటి అడిగుంటే సరిపోయేది కదా సారూ" అని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మేం రెండు లైన్ల సవరణ వేశాం, మూలకి, చిన్న అక్షరాల్లో. ఆవిడకి అది ఎవరైనా చదివి వినిపించారో లేదో.

నేను కుట్టింది ఆది చొక్కా అని అప్పుడు తెలిసింది. గుడ్డ నాది కాదు, ఎవరిదో. ఒకసారి కత్తెర పడ్డాక అతకడం కుదరదు.

ఆ ఏడే ఉస్మానియాలో చేరాను. 1954 నుంచీ ఉన్న శాఖ అది. మా రోజుల్లో ముందు బీసీజే, అంటే జర్నలిజంలో బ్యాచిలర్ డిగ్రీ, ఒక ఏడాది, ఆ పైన ఎంసీజే, అంటే మాస్టర్ డిగ్రీ, ఇంకో ఏడాది. "పేపర్లో పని చేస్తూనే ఉన్నావు కదరా, మళ్ళీ చదువేంటి" అని మా నాన్న అరిచింది అప్పుడే. చెప్పుకోవడానికి సిగ్గేసి ఊరుకున్నాను. ఇప్పుడైతే నాలుగు సెమిస్టర్లు, డిగ్రీలో ఏం చదివినా ఎంట్రన్స్ రాయొచ్చు. రిపోర్టింగు, ఎడిటింగు, వీడియోలు తీయడం, పిల్లలే వార్తలు తెచ్చి, దిద్ది, పేజీలు పెట్టే ల్యాబ్ జర్నలు, ఇంటర్న్‌షిప్పు, చివర్లో డిసర్టేషను, అంటే ఒక విషయం మీద పరిశోధన చేసి రాసే పెద్ద వ్యాసం. కమ్యూనికేషన్ సిద్ధాంతాలని ఒక లావుపాటి సబ్జెక్టుంది, దాని గురించి నన్నడగొద్దు, అక్కని అడగండి. అదీ పరీక్షకి ముందు రాత్రి అడగండి.

ఈ చదువు చదివితే తప్పులు రావనుకునేరు. వస్తాయి, నాకూ వచ్చాయి. కాకపోతే అక్కడ పేరు తప్పు రాస్తే సారు మార్కులు కోసేవారు, బయట రాస్తే ఎవరి ఇంట్లోనో ఏడుపు. ముందు మార్కులు పోగొట్టుకోవడమే నయం.

దర్జీ మామ గురించి ఒక్కటి మాత్రం నాకు ఈ రోజుకీ అంతుపట్టదు. మనిషి కొట్టు మెట్లెక్కుతుండగానే, టేపు తీయకుండానే, "ఎడమ భుజం కాస్త దిగింది, బరువులు మోస్తున్నావా?" అనేవాడు. ప్రతిసారీ నిజమే అయ్యేది. పేపరాఫీసులో వార్తలు దిద్దే డెస్కు మీద ముప్పై ఏళ్ళు కూర్చున్నాక నాకూ అప్పుడప్పుడూ అలా అయ్యేది, వార్త మొత్తం బాగానే ఉన్నట్టుంటుంది, ఎక్కడో ఒక భుజం దిగినట్టు అనిపిస్తుంది, ఫోన్ చేసి అడిగితే నిజంగానే తేడా ఉంటుంది. అది ఎలా తెలుస్తుందో చెప్పమంటే నాకు చేతకాదు. యూనివర్సిటీలో కూడా ఎవరూ చెప్పలేదు.

సరే, మీకో పని. రేపు పొద్దున పేపరు రాగానే, నాన్న టీ తాగుతూ లాక్కునేలోపు, జిల్లా పేజీలో ఒక వార్త తీసుకోండి. పెన్సిలుతో ఒక్కో వాక్యం చదువుతూ, ఈ మాట ఎవరు చెప్పారో అందులో రాసి ఉంటే కింద గీత గీయండి. "తెలిసింది", "సమాచారం", "అంటున్నారు" అని ఉన్నచోట ఆగి, ఎవరికి తెలిసింది, ఎవరంటున్నారు అని వెతకండి. దొరక్కపోతే గీత గీయొద్దు. గీత పడని వాక్యాలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి ఆదివారం ఫోన్ చేయండి. బుజ్జి లెక్క వేరు, చిన్నోడి లెక్క వేరు వస్తే ఇంకా మంచిది.

మీ తాత