ఆయాసం లేని రోజున గొట్టం గోడ

"ఆయాసం లేని రోజున ఆస్తమా ఉన్నవాళ్ళ ఊపిరితిత్తులు మామూలుగానే ఉంటాయా?" అని ఒక పాఠకురాలు అడిగారు. చాలామందిలో ఉండవు. బళ్ళో మనకు చూపించే బొమ్మలో శ్వాసనాళిక అంటే ఒక గొట్టం, దాని గోడ ఒక గీత. కథంతా ఆ గీతలోనే ఉంది.

ఆ గోడ ముక్కకి రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే అన్నిటికంటే పైన నూగు ఉన్న కణాల వరస కనిపిస్తుంది. ఆస్తమాలో అది అక్కడక్కడా ఊడిపోయి ఉంటుంది. శ్లేష్మాన్ని తయారుచేసే గాబ్లెట్ కణాలు మాత్రం ఎక్కువవుతాయి. ఆ వరస కిందే గులాబీ రంగు పట్టీ ఒకటి. మామూలుగా 5 మైక్రాన్ల మందం ఉండే ఈ పట్టీ కొలాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్ పేరుకుని రెండింతలు కూడా అవుతుంది. చిన్నపిల్లల్లోనూ ఇది కనిపిస్తుంది. ఇంకా లోపల ఎర్రటి రేణువులతో ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు, వాటి అడుగున లావెక్కిన కండరం. కఫంలో సూదిమొనల స్ఫటికాలు కూడా దొరుకుతాయి. ఇసినోఫిల్స్‌లోని గాలెక్టిన్-10 అనే ప్రోటీనే అలా గడ్డకడుతుంది.

గోడ కాస్త మందమైతే అంత నష్టమా? లెక్క వేసి చూద్దాం. నాకు ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా తనివి తీరదు. గొట్టంలో గాలి నిదానంగా సాగుతున్నంతసేపు, దానికి ఎదురయ్యే అడ్డు వ్యాసార్థం నాలుగో ఘాతానికి విలోమం. అంటే దారి వైశాల్యం వర్గానికి విలోమం అన్నమాట. కండరం గోడకి బయట చుట్టిన ఉంగరం అనుకోండి, వ్యాసార్థం 5. π పక్కన పెడితే మొత్తం వైశాల్యం 25. ఆరోగ్యంగా ఉన్న గోడ అందులో 9 తీసుకుంటే దారికి 16 మిగులుతుంది. మందమైన గోడ 12 తీసుకుంటే 13 మిగులుతుంది. అడ్డు ఒకటిన్నర రెట్లే పెరిగింది, మనిషికి పెద్దగా తెలియకపోవచ్చు.

ఇప్పుడు ఇద్దరిలోనూ కండరం ఐదో వంతు బిగిసింది. ఉంగరం 4కి వచ్చింది, మొత్తం 16. గోడ ఎక్కడికీ పోదు, ముడతలు పడి లోపలికి తోసుకొస్తుంది. మొదటివారికి దారి 7, రెండోవారికి 4. ఆరోగ్యవంతుడి తెరిచిన గొట్టంతో పోలిస్తే అడ్డు ఒకరిలో 5 రెట్లు, మరొకరిలో 16 రెట్లు! బిగింపు ఒకటే, తేడా అంతా గోడది. కండరమూ బలిసిందంటే, శ్లేష్మమూ అడ్డుపడిందంటే ఇక చెప్పక్కర్లేదు.

'ఇన్‌హేలర్ అలవాటైపోతుంది' అని మానేసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను ఆయాసం లేని రోజున కూడా పీల్చమనేది ఆ రోజూ గోడలో వాపు, ఇసినోఫిల్స్ ఉంటాయి కాబట్టే.

ఇంతకీ గోడ మందం కావడానికి వాపు ఒక్కటే కారణమా? 2011లో వెలువడిన ఒక ప్రయోగంలో స్వల్ప ఆస్తమా ఉన్న వాలంటీర్లకు మెథకోలిన్ పీల్పించి కండరాన్ని మూడుసార్లు బిగించారు. ఇసినోఫిల్స్ పెరగలేదు. అయినా కొలాజెన్ పట్టీ మందమైంది. ముందుగా కండరాన్ని సడలించే సాల్బ్యుటమాల్ మందు పీల్చి, ఆ తర్వాత అదే మెథకోలిన్ పీల్చినవాళ్ళలో మాత్రం పట్టీ మందం పెరగలేదు.