సంతాప దినాలు: సెలవు, జెండా, కడసారి చూపు

పెద్ద నాయకులు పోయినప్పుడు ప్రోటోకాల్ పనిలో ఉండే మాకు ముందుగా వచ్చే ఫోన్లు "రేపు సెలవేనా?" అని. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: జాతీయ సంతాపం అంటే సెలవు.
వాస్తవం: రెండూ వేరు. 2015 జులై 27న అబ్దుల్ కలాం గారు షిల్లాంగ్‌లో కన్నుమూశాక కేంద్రం ఏడు రోజుల సంతాపం ప్రకటించింది, సెలవు మాత్రం ఇవ్వలేదు. రామేశ్వరంలో అంత్యక్రియలు జరిగిన జులై 30న తమిళనాడు ప్రభుత్వం తన వరకు సెలవిచ్చింది. సంతాప దినాల్లో జెండా సగానికి దిగుతుంది, అధికారిక వినోద కార్యక్రమాలు ఆగుతాయి. ఆఫీసులు నడుస్తాయి.

అపోహ: జెండాను సగం ఎత్తులో కట్టేస్తే చాలు.
వాస్తవం: చాలదు. ముందు కొస దాకా ఎగరేసి, అప్పుడు సగానికి దించాలి. సాయంత్రం తీసేటప్పుడూ మళ్లీ కొస దాకా తీసుకెళ్లాకే దించాలి. సంతాపం మధ్యలో ఆగస్టు 15 గానీ జనవరి 26 గానీ వస్తే ఆ రోజు జెండా పూర్తి ఎత్తునే ఎగరాలి. పార్థివదేహం ఉన్న భవనం మీద మాత్రం సగానికే ఉంటుంది, దేహాన్ని బయటికి తీసుకెళ్లగానే అక్కడా పైకి వెళ్తుంది.

అపోహ: దేహం మీద కప్పిన జెండాను చితిలోనే ఉంచేస్తారు.
వాస్తవం: కాల్చకూడదు, సమాధిలోకీ దించకూడదు. కాషాయం తలవైపు ఉండేలా కప్పుతారు, నిప్పు పెట్టేముందే తీసేస్తారు.

అపోహ: పదవిలో ఉన్నవాళ్లకే అధికార లాంఛనాలు.
వాస్తవం: పి.వి. నరసింహారావు గారు 2004 డిసెంబరు 23న పోయేనాటికి ప్రధాని పదవి వదిలి ఎనిమిదేళ్లు దాటింది. హైదరాబాద్ జూబ్లీహాల్లో జనం ఆయన్ని చూసుకున్నాక, హుస్సేన్‌సాగర్ ఒడ్డున అధికార లాంఛనాలతోనే అంత్యక్రియలు జరిగాయి.

అపోహ: కడసారి చూపుకు వచ్చిన జనాన్ని తోస్తూ ఉంటేనే క్యూ కదులుతుంది.
వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఎండలో గంటలు నిలబడి వచ్చిన మనిషి పాదాల దగ్గర రెండు క్షణాలు ఆగి దండం పెట్టుకుంటాడు. అది అడ్డం కాదు, అతను వచ్చిందే అందుకు. అసలు ఆలస్యం చేతిలోని పూలదండ వల్ల. ఎక్కడ వేయాలో తెలియక తడబడతారు. రెండడుగుల ముందే ఒక మనిషి నిలబడి దండ అందుకుంటే లైన్ దానంతట అదే సాగుతుంది. వీఐపీలను వేరే తలుపు నుంచి తీసుకురావాలి, వాళ్ల కోసం క్యూ ఆపకూడదు. ముసలివాళ్లకు వేరే వరుస, దారి పొడవునా మంచినీళ్లు, లోపలికొచ్చే గేటు ఒకటి, బయటికెళ్లే గేటు ఇంకొకటి. వీటిని బారికేడ్లు వేసేటప్పుడే చూసుకోవాలి, జనం వచ్చేశాక కుదరదు.