ఏడు ట్వీట్లు, ముగ్గురు మనుషులు: అభ్యర్థుల ఆన్‌లైన్ మద్దతుదారుల మీద అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకావిడ ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది. తనకు నచ్చిన నాయకుడి గురించి రెండేళ్లుగా ఫేస్‌బుక్‌లో రాసుకుంటున్నారట. ఎవర్నీ పల్లెత్తు మాట అన్న మనిషి కాదు. ముందు రోజు రాత్రి టీవీలో ఆ నాయకుడి ‘సోషల్ మీడియా సైన్యం’ అరాచకాల మీద అరగంట కార్యక్రమం వచ్చింది. తెల్లారి ఆఫీసుకి వెళ్లేసరికి పక్క సీటాయన “మీరూ ఆ బ్యాచేనా మేడం?” అని నవ్వాడట. “పోస్టులన్నీ తీసేయమంటారా?” అని అడిగారు.

వద్దన్నాను. ఎన్నికలొస్తే నాకిలాంటి ఫోన్లు మామూలే. పదకొండేళ్లు న్యూస్ డెస్క్‌లో చేశాను. ఇప్పుడు నా పని సోషల్ మీడియా పోస్టుల్లో ఏది నిజమో ఏది నకిలీయో తేల్చడం. అలాంటి కథనాలు ఒకప్పుడు నేనూ అల్లాను కాబట్టి, దారం ఎక్కడ లాగితే ఊడుతుందో తెలుసు.

అపోహ: “వాళ్లంతా అంతే, బూతుల బ్యాచ్”

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. మిగతావి దీని పిల్లలు.

డెస్క్‌లో చేరిన రెండో ఏడాది అనుకుంటా. ఒక నాయకుడి మీద ఎవరో విమర్శ చేశారు. సాయంత్రం బులెటిన్‌లో ఖాళీ ఉంది. “ఏవయ్యా, సోషల్ మీడియాలో ఏమంటున్నారో చూసి ఒక స్టోరీ కొట్టు” అన్నారు ఇంచార్జి. ఇరవై నిమిషాలు వెతికి ఏడు ట్వీట్లు పట్టాను. స్క్రీన్‌షాట్లు తీసి, పేర్లు మసక చేసి, ‘భగ్గుమన్న అభిమానులు’ అని హెడ్డింగ్ పెట్టాను. నెల తర్వాత వేరే పని మీద ఆ ఫైలు తెరిచి చూస్తే, ఏడింటిలో నాలుగు ఒకే మనిషివి. మరొకటి అభిమానిది కానే కాదు, అవతలి వర్గం వాడు వెటకారంగా రాసింది. తీసేస్తే నా ‘అభిమానులు’ ముగ్గురు. ఆ రోజు డెస్క్‌లో ఒక్కరు కూడా “ఎంతమందయ్యా?” అని అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

నిజానికి ‘ఎంతమంది’ అని అడిగినా చాలదు. ‘ఎంతమందిలో ఎంతమంది’ అని అడగాలి. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 2019లో లెక్క తీస్తే, ట్విటర్ వాడే పెద్దవాళ్లలో బాగా చురుగ్గా ఉన్న 10 శాతం మందే 80 శాతం ట్వీట్లు పెడుతున్నారని తేలింది. మిగతా 90 శాతంలో సరిగ్గా నడుమ ఉండే మనిషి నెలకి పెట్టేది రెండు ట్వీట్లు. అసలు ట్విటర్ వాడేవాళ్లే అప్పటికి అక్కడి పెద్దవాళ్లలో 22 శాతం. మనం ‘జనం’ అని తెర మీద వేసేది జనంలో ఒక ముక్క, ఆ ముక్కలో మళ్లీ తెగ మాట్లాడే కొద్దిమంది. వాళ్లలో కూడా రిపోర్టర్ కంట పడేది అందరికన్నా ఘాటుగా అన్నవాడే. ‘ఈ పథకం బాగుంది, నా ఓటు ఆయనకే’ అన్న పోస్టుని ఎవరు స్క్రీన్‌షాట్ తీస్తారు?

అలాగని తిట్లు కట్టుకథలని నేననను. నాతో పనిచేసిన ఒక రిపోర్టర్ రాత్రిళ్లు ఫోన్ స్విచాఫ్ చేసి పడుకునేది. ఆమెకి వచ్చిన మెసేజీలు చదివితే నాకే చేతులు చల్లబడ్డాయి. యునెస్కో, ఐసీఎఫ్‌జే (జర్నలిస్టుల కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ) కలిసి 2020లో చేసిన సర్వేలో జవాబిచ్చిన మహిళా జర్నలిస్టుల్లో 73 శాతం మంది పని కారణంగా ఆన్‌లైన్ వేధింపులు ఎదుర్కొన్నామని చెప్పారు. చిక్కేమిటంటే, వార్త రాసేవాళ్లూ ఆ తిట్లు పడేవాళ్లూ తరచుగా ఒకరే. రాత్రంతా తిట్లు తిన్న మనిషికి పొద్దున్నే ‘లెక్క చూడండి’ అని చెప్పడం నాకూ కష్టమే. చెప్పాలి, తప్పదు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ, 2016, 2020ల్లో డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడ్డ అమెరికా సెనేటర్ బెర్నీ సాండర్స్‌ది. 2015 అక్టోబర్‌లో ‘ద అట్లాంటిక్’లో వచ్చిన ఒక వ్యాసం ‘బెర్నీ బ్రో’ అనే పేరు పెట్టింది. చదువుకున్న తెల్లజాతి కుర్రాళ్లు ఫేస్‌బుక్‌లో అందరికీ పాఠాలు చెబుతున్నారని దాని వెటకారం. అంతే. కొన్ని నెలల్లో అదే మాట ఆన్‌లైన్‌లో ఆడవాళ్లని వేధించేవాళ్లకి పేరైంది. ఆ పైన సాండర్స్‌ని సమర్థించే వాళ్లందరికీ తగిలించేశారు. 2016 ఫిబ్రవరిలో న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్) జరిగితే, ఎగ్జిట్ పోల్స్‌లో మహిళల ఓట్లలో కూడా 55 శాతం ఆయనకే. ఆ ఆడవాళ్లంతా ‘బ్రో’లు ఎలా అయ్యారో ఎవరూ చెప్పలేదు.

2020లో ఇంకా ఆసక్తికరమైన సంగతి జరిగింది. నెవాడా రాష్ట్రంలో హోటళ్లు, క్యాసినోల సిబ్బందికి కలినరీ యూనియన్ అని ఉంది, సుమారు 60 వేల మంది సభ్యులు. సాండర్స్ ఆరోగ్య బీమా పథకం వస్తే మన బీమా పోతుందని యూనియన్ నాయకత్వం సభ్యులకి చెప్పింది. దాంతో ఆన్‌లైన్‌లో యూనియన్ నాయకుల మీద తిట్ల వాన కురిసింది. ఫిబ్రవరి 19న లాస్ వేగాస్ డిబేట్‌లో ఈ విషయం అడిగితే సాండర్స్, ట్విటర్‌లో తన వెనక కోటీ ఆరు లక్షల మంది ఉన్నారని, వాళ్లలో 99.9 శాతం మంచివాళ్లేనని, వికారంగా మాట్లాడే కొద్దిమంది తనవాళ్లు కాదని అన్నారు.

ఆ 99.9 ఎవరూ కొలిచిన అంకె కాదు, రాజకీయ నాయకుడి నోటి అంకె. సరే, నిజమే అనుకోండి. మిగిలిన 0.1 శాతం ఎంత? పదివేల ఆరువందల మంది. వాళ్లు తలా ఒక్క తిట్టు ఒకే మనిషికి పంపితే? ఆ మనిషి ఫోను నరకం. ఆమెకి ‘అందరూ ఇంతే’ అనిపించడంలో తప్పు లేదు. ఏ పాపం ఎరగని మిగతా కోటి మందికి ‘మమ్మల్నెందుకు అంటున్నారు’ అని మండటంలోనూ తప్పు లేదు. ఇద్దరూ చూసింది నిజమే. ఇద్దరి మధ్యా నిలబడి లెక్క చెప్పాల్సింది మేము. ఆ పనే మేము చెయ్యం.

డిబేట్ అయిన మూడో రోజు నెవాడాలో ఓటింగ్. లాస్ వేగాస్ హోటళ్లలో సిబ్బంది కోసం పెట్టిన ప్రత్యేక కేంద్రాల్లో ఎక్కువ చోట్ల గెలిచింది సాండర్సే. ఏ యూనియన్ మీద ఆయన మద్దతుదారులు విరుచుకుపడ్డారని వార్తలు వచ్చాయో, ఆ యూనియన్ పనివాళ్లు చాలామంది ఆయన మద్దతుదారులే. డ్యూటీ మధ్యలో వచ్చి ఓటేసి వెళ్లిన వాళ్లు. వాళ్ల ట్వీట్లు వెతికితే దొరకవు, అప్పుడు వాళ్లు పనిలో ఉన్నారు.

అపోహ: “అంతా పెయిడ్, అంతా బాట్లు”

మూడు వేర్వేరు సంగతుల్ని కలిపి ఒకే గంపలో వేస్తారు. బాట్ అంటే సాఫ్ట్‌వేర్ నడిపే ఖాతా. నకిలీ ఖాతా వెనక మనిషే ఉంటాడు, పేరే వేరు. పెయిడ్ అంటే సొంత పేరుతోనే డబ్బుకి రాసేవాడు కూడా కావచ్చు. 2018 ఫిబ్రవరిలో అమెరికా న్యాయశాఖ 13 మంది రష్యన్ల మీద, 3 సంస్థల మీద అభియోగాలు మోపింది. అమెరికన్లలా నటిస్తూ నకిలీ ఖాతాలు నడిపారని. ట్రంప్, సాండర్స్‌లని వదిలేసి మిగతా వాళ్లని విమర్శించమని వాళ్లకి ఆదేశాలున్నాయని కూడా అందులో ఉంది. కాబట్టి ఇదంతా ఊహ కాదు. కానీ ఇది పట్టుకోవడానికి దర్యాప్తు సంస్థలకి నెలలు పట్టింది. టీవీ చర్చలో కూర్చున్నాయన మూడు సెకన్లలో తేల్చేస్తాడు.

పేరు చివర అంకెలుంటే బాట్ అని చాలామంది నమ్మకం. మీరు పేరు ఎంచుకోకపోతే ట్విటరే అంకెలు తగిలించి ఇచ్చేది, అంతే. ఒకసారి మా టీమే ఒక ఖాతాని అనుమానాస్పదం జాబితాలో వేసింది. ఫొటో లేదు, పేరు చివర అంకెలు, పోస్టులన్నీ తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య. జాబితా బయటికి వెళ్లే ముందు మెసేజ్ పెట్టి చూద్దామన్నాను. జవాబు వచ్చింది. నైట్ షిఫ్ట్ నర్సు. “ఆ టైములోనే సార్ కాస్త కూర్చునేది” అంది.

అపోహ: “ట్రెండింగ్‌లో ఉందంటే జనం మాట్లాడుకుంటున్నట్టే”

కాదు. ట్రెండింగ్ కొలిచేది ప్రధానంగా ఉన్నట్టుండి పెరిగిన ఊపుని. ముందే రాసిపెట్టిన వాక్యాలు గ్రూపులో పంచి, ఫలానా గంటకి అందరూ పెట్టండి అంటే ఊపు వస్తుంది. దీని మీద ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు, ఇప్పటికీ ఇది హెడ్‌లైన్ అవుతోందంటేనే విసుగు.

అపోహ: “ఇదంతా నెట్‌లో హడావుడి, ఓట్లు రాలవు”

ఒక్కోసారి నిజం, ఒక్కోసారి అబద్ధం. అమెరికాలో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడ్డ రాన్ పాల్ మద్దతుదారులు 2007 నవంబర్ 5న ఒక్కరోజులో 40 లక్షల డాలర్లకి పైగా విరాళాలు పోగేశారు, డిసెంబర్ 16న మళ్లీ సుమారు 60 లక్షలు. 2008 జనవరిలో అయోవా రాష్ట్రంలో పార్టీ ఓటింగ్ జరిగితే ఆయనకి వచ్చింది 10 శాతం దగ్గర, ఐదో స్థానం. ఆ డబ్బు ఇచ్చినవాళ్లు నిజం మనుషులే, ఉత్సాహం నిజమే. సంఖ్య సరిపోలేదు. అదే ఏడాది ఒబామా గెలుపులో ఆన్‌లైన్ విరాళాలు, వాలంటీర్లు ఎంత పనిచేశారో అందరికీ తెలుసు.

అపోహ: “మీడియా అంతా కుట్ర”

ఇది మద్దతుదారుల వైపు అపోహ. నేను చూసినంతలో కుట్ర కన్నా బద్ధకం పాలు ఎక్కువ, డెడ్‌లైన్ పాలు ఇంకా ఎక్కువ. కొన్నిసార్లు తప్పు ఒక పరికరంలో కూడా ఉంటుంది. 2004 జనవరి 19న అయోవాలో మూడో స్థానంలో ఓడిపోయిన రాత్రి డెమొక్రటిక్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడ్డ హోవార్డ్ డీన్ తన మద్దతుదారుల ముందు పెట్టిన కేక గుర్తుందా? హాలు దద్దరిల్లుతోంది, ఆ గోలలో వినబడాలని ఆయన అరిచాడు. చేతిలో మైకు చుట్టుపక్కల శబ్దాన్ని తగ్గించే రకం. టీవీలో జనం గోల దాదాపు వినబడలేదు, ఒక మనిషి ఒంటరిగా కేక పెట్టినట్టుంది. రోజుల తరబడి అదే క్లిప్. ఆయన్ని పిచ్చివాడిలా చూపించిన ఆ సీన్లోంచి తప్పిపోయింది మద్దతుదారులే. మైకు ఎవరూ కుట్రతో ఇవ్వలేదు. కానీ హాల్లో ఉన్న రిపోర్టర్లకి నిజం తెలుసు కదా, వాళ్లు గట్టిగా చెప్పి ఉండాల్సింది.

ఆ ఫోన్ చేసినావిడకి నేనిచ్చిన సలహా ఒక్కటే. కోపం పక్కన పెట్టి, ఛానెల్‌కి ఒక మెయిల్ రాయండి, ‘ఎన్ని పోస్టులు చూశారు, ఎన్ని ఖాతాలవి, ఎలా ఎంచుకున్నారు’ అని ఆ మూడే అడగండి అన్నాను. చక్కగా రాశారు, మర్యాదగా. ఆ మెయిల్ తన గ్రూపులో పెట్టుకున్నారు. గంటలో ఎవరో దాన్ని షేర్ చేస్తూ, కింద ఆ టీవీ కార్యక్రమం ప్రొడ్యూసర్ ఫోన్ నంబర్ వేసి ‘అందరూ అడగండి’ అన్నారు. ఆ నంబర్ తీయించడానికి ఆవిడకి రెండు రోజులు పట్టింది.