జలుబుతో భయం లేదు, పెదవి మీద పొక్కుతోనే

మా చెల్లి కూతురు ఫోన్ చేసి "మావయ్యా, నాకు జలుబు చేసింది, పత్తికి అంటుకుంటుందా?" అని అడిగింది. పత్తి అంటే వాళ్ళ కుందేలు. మామూలు జలుబైతే భయం లేదన్నాను. జలుబు తెచ్చే రైనోవైరస్‌లలో ఎక్కువ భాగం మనిషి ముక్కు కణాల మీదుండే ఐకామ్-1 అనే ప్రోటీన్‌కి బాగా అలవాటు పడిపోయాయి. కుందేలు తుమ్ముతోందంటే చాలాసార్లు అది పాశ్చరెల్లా, కుందేలు నుంచి కుందేలుకి పాకే బాక్టీరియా. కరోనాని ల్యాబ్‌లో న్యూజిలాండ్ వైట్ కుందేళ్ళ ముక్కులో వేసి చూస్తే వారం దాకా వైరస్ బయటికొచ్చింది గానీ వాటికి జబ్బు లక్షణాలేం కనపడలేదు.

అసలు భయపడాల్సింది హెర్పిస్ సింప్లెక్స్-1 అనే వైరస్‌కి. జ్వరమొచ్చి తగ్గాక పెదవి అంచున గుత్తిగా నీటి పొక్కులొస్తాయే, నిద్రలో పురుగు పాకిందని మన పెద్దవాళ్ళు పసుపు రాస్తారే, అదే. 50 ఏళ్ళలోపు వాళ్ళలో దాదాపు మూడింట రెండొంతుల మందికి ఈ వైరస్ ఉందని డబ్ల్యూహెచ్ఓ లెక్క, పురుగుది ఏ పాపమూ లేదు.

ఇది నరాల్లో రైలెక్కుతుంది. ఊరికే పోలిక కోసం అనట్లేదు, నరం తీగ లోపల మైక్రోట్యూబ్యూల్స్ అని నిజంగానే పట్టాలుంటాయి, డైనీన్ అనే ఇంజను వైరస్‌ని లోపలికి లాక్కెళ్తుంది, కైనెసిన్ అనే ఇంజను మళ్ళీ బయటికి తెస్తుంది. మనలో అది పెదవి దగ్గర ఎక్కి, పుర్రె అడుగున ట్రైజెమినల్ గాంగ్లియాన్ అనే జంక్షన్‌లో దిగుతుంది, కాజీపేటలో దిగి బెంచీ మీద పడుకున్నట్టు. చుట్టూ సీడీ8 టీ-కణాలనే రోగనిరోధక కణాలు రైల్వే పోలీసుల్లా కాపలా. జ్వరమో ఎండదెబ్బో తగిలినప్పుడు లేచి, తిరుగు బండెక్కి పెదవికొచ్చి పొక్కవుతుంది. జంక్షన్ దాటి మన మెదడులోకి పోవడం చాలా అరుదు.

కుందేలులోనూ కొన్నిసార్లు నిద్రపోతుంది గానీ, మెదడు దాకా పోయే ప్రమాదం మనకంటే చాలా ఎక్కువ. పైగా ముక్కులోంచి ఎక్కితే వాసన నరం నాన్‌స్టాప్ బండి, మధ్యలో జంక్షనే లేదు, నేరుగా మెదడు. ఇక మూర్ఛలు, నోట్లోంచి చొంగ, పళ్ళు కొరకడం, ఒకే వైపు గుండ్రంగా తిరగడం, చాలావరకు చావే. పెంపుడు కుందేళ్ళలో ఇలాంటి కేసులు యూరప్‌లో 1990ల చివర్నుంచి రిపోర్టయ్యాయి, సంఖ్య తక్కువే. వందేళ్ళ కిందట గ్రూటర్, లోవెన్‌స్టైన్ అనే డాక్టర్లు ఈ పొక్కు అంటువ్యాధేనని తేల్చింది కూడా కుందేలు కంటిమీద పొక్కు రసం పెట్టి చూసే.

ఇదంతా విని పిల్ల మెల్లిగా "అమ్మమ్మకి మొన్న పొక్కొచ్చింది కదా మావయ్యా, పత్తిని రోజూ ఒళ్ళో పడుకోబెట్టుకుంటుంది" అంది. పొక్కు పూర్తిగా ఎండి చెక్కు రాలేదాకా అమ్మ కుందేలు జోలికి పోవద్దనీ, ముద్దులు అసలే వద్దనీ, పొక్కు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలనీ చెప్పాను. అమ్మ ఫోన్ లాక్కుని "నాకు పురుగు పాకిందిరా" అంది. అయినా ఆ పూట నుంచి పత్తికి గడ్డి వేసేది మా నాన్నే.