స్టాన్‌ఫర్డ్ పారబోసుకున్న వేడి

నేను చదువుకున్న క్యాంపస్‌లో ల్యాబ్ బ్లాక్ వెనక ఒక సన్నటి సందు ఉండేది. అటుగా వెళ్తే వరసగా బిగించిన ఏసీ బయటి యూనిట్లు మొహం మీదికి వేడిగాలి కొట్టేవి. ఆ సందు దాటగానే మెస్. అక్కడ అదే సమయానికి గ్యాస్ పొయ్యి మీద గుండిగల్లో నీళ్లు కాగుతుండేవి. ఒకచోట వేడిని బయటికి తోసేయడం, నాలుగడుగుల అవతల అదే వేడి కోసం గ్యాస్ మండించడం! అప్పట్లో నాకిది తట్టనే లేదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ కథ చదివాకే ఆ సందు గుర్తొచ్చింది.

కాలిఫోర్నియాలోని ఆ యూనివర్సిటీలో తరగతులు 1891లో మొదలయ్యాయి. తొలినాళ్ల నుంచే సొంత పవర్‌హౌస్ ఉండేది. 1906 భూకంపంలో దాని పొగగొట్టం కూలి అక్కడ పనిచేసే ఒకాయన చనిపోయాడు. 1987లో గ్యాస్‌తో నడిచే కోజనరేషన్ ప్లాంటు వచ్చింది. ఒకే ఇంధనంతో కరెంటూ, భవనాలను వేడిచేసే ఆవిరీ వచ్చేవి. ఆ రోజులకు అది మంచి నిర్ణయమే. కానీ తర్వాత లెక్క తీస్తే క్యాంపస్ కర్బన ఉద్గారాల్లో సింహభాగం ఆ ప్లాంటుదే అని తేలింది.

అసలు మలుపు లెక్కల్లోనే దొరికింది. ఏ గంటకు ఎంత చల్లదనం కావాలి, ఎంత వేడి కావాలి అని ఇంజినీర్లు పక్కపక్కన పెట్టి చూశారు. ల్యాబులకు, సర్వర్లకు ఏడాది పొడవునా చల్లదనం కావాలి. అక్కడి రాత్రులు చల్లన కాబట్టి భవనాలకు వేడీ కావాలి. ఈ రెండు అవసరాలూ దాదాపు 70 శాతం ఒకే సమయంలో వస్తున్నాయి. అంటే కూలింగ్ టవర్ల గుండా ఆకాశంలోకి వదిలేస్తున్న వేడినే పట్టుకుని, నీళ్లు కాచి, గొట్టాల్లో తిరిగి పంపొచ్చు.

చెప్పినంత తేలిక కాదిది. ఆవిరి గొట్టాలు తీసేసి, క్యాంపస్ అంతా తవ్వి, సుమారు 32 కిలోమీటర్ల వేడినీటి గొట్టాలు వేశారు. 155 భవనాల్లో కనెక్షన్లు మార్చారు. ఖర్చు దాదాపు 48.5 కోట్ల డాలర్లు. 2015లో పాత ప్లాంటు ఆగి, కరెంటుతో నడిచే కొత్త కేంద్రం మొదలైంది. సోలార్ కరెంటు కూడా తోడై, ఉద్గారాలు గరిష్ఠ స్థాయి నుంచి సుమారు 68 శాతం తగ్గాయి. వేడిని తిరిగి వాడుకోవడంతో కూలింగ్ టవర్లలో ఆవిరయ్యే నీళ్లూ మిగిలాయి. 2022లో రెండో సోలార్ ప్లాంటు వచ్చాక, ఏడాదికి వాడే కరెంటుకు సరిపడా సోలార్ నుంచే వస్తోంది.

విమాన ప్రయాణాలు, కొనే సామగ్రి, తిండి వల్ల వచ్చే ఉద్గారాలు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటికి 2050 గడువు పెట్టుకున్నారు.

మన వాతావరణంలో భవనాలకు వేడి అక్కర్లేదు కాబట్టి దీన్ని యథాతథంగా దించుకోలేం. కానీ మెస్‌లకు, హాస్టళ్లకు, మెడికల్ కాలేజీ ఆసుపత్రులకు రోజూ వేడినీళ్లు కావాలి. గదికో ఏసీ బిగించుకుంటూ పోతే ఆ వేడిని పట్టుకునే దారే ఉండదు. ఒకచోట నుంచి అన్ని బ్లాకులకూ చల్లటి నీళ్లు పంపి గదులు చల్లబరిస్తే ఆ దారి ఉంటుంది. ఆ నిర్ణయం కొత్త బ్లాక్ ప్లాను గీసేటప్పుడే జరగాలి, స్లాబు పడ్డాక కాదు. ఏ బ్లాక్ ఎంత కరెంటు తాగుతోందో అప్పటికే తెలిసి ఉండాలి. మా క్యాంపస్‌లో మాత్రం అన్ని బ్లాకులకూ కలిపి ఒకటే మీటరు, నెలకు ఒకటే బిల్లు.