అప్రస్తుత ప్రసంగి

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవులు మనవరాళ్లకూ మనవలకూ తాతయ్య దీవెనలు. ఉభయకుశలోపరి. ఆ మాటకి అర్థం తెలియకపోతే ఫోనులో వెతక్కండి, మీ నానమ్మకి ఫోన్ చేసి అడగండి. నాకంటే తనే బాగా చెబుతుంది, మీ గొంతు విన్నట్టూ ఉంటుంది.

మొన్న సెలవుల్లో భోజనాల దగ్గర జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. లెక్కల్లో మార్కులు తగ్గాయని నాన్న అమ్మడి ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అది అన్నం వదిలేసి నా గదిలోకొచ్చి, "తాతయ్యా, నువ్వు లెక్కల మేష్టారివి కదా. ఇన్‌స్టా చూడ్డం వల్లే నాకు మార్కులు తగ్గాయని రుజువు చెయ్యి, చూద్దాం" అంది. నాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ముప్ఫయ్యొక్కేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెప్పినవాణ్ణి. స్టెప్పులు లేకుండా జవాబు ఒక్కటే రాసినవాళ్లకి మార్కులు కోసినవాణ్ణి. అందుకని ఆ పూట నోరు మూసుకున్నాను. మీరు ఊరెళ్లాక తీరిగ్గా కూర్చుని స్టెప్పులు వేశాను.

ముందు అమ్మడి తరఫునే వాదిస్తాను. మా బళ్లో ఒక పిల్లాడుండేవాడు. క్వార్టర్లీ, హాఫియర్లీ, ఏదొచ్చినా తప్పేవాడు. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి గోడ దూకి కాలవ గట్టున గాలం వేసుకుని కూర్చునేవాడు. చేపల పిచ్చి మానితే బాగుపడతాడని మేష్టర్లమంతా తీర్మానించి వాడి గాలం విరగ్గొట్టాం. అయినా పాసవలేదు. ఒకరోజు వరండాలో కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగితే తెలిసింది, వాడికి భిన్నాల కూడిక రాదు. ఆరో తరగతి నుంచీ రాదు. క్లాసులో సిగ్గు, గట్టు మీద హాయి. పాపం, వాడు చేసిందల్లా సిగ్గులేని చోటికి పారిపోవడం. ఇప్పుడైతే కాలవ దాకా వెళ్లక్కర్లేదు, జేబులోనే ఉంది. కాబట్టి మార్కులు తగ్గిన పిల్లల చేతుల్లో ఫోను ఎక్కువగా కనిపిస్తే, ఏది ముందో ఏది వెనకో చూడకుండా తీర్పు చెప్పకూడదు. ఈ సంగతి మీ నాన్నకి విడిగా రాశాను.

ఇక నాన్న వైపు. 2015లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వాళ్లు ఇంగ్లండులో నాలుగు నగరాల్లోని 91 బడుల లెక్క తీశారు. 1,30,000 మంది పిల్లలు. ఒక్కో బడి ఒక్కో ఏడు ఫోన్లు వద్దంది. వద్దనక ముందూ తర్వాతా పదహారేళ్ల పిల్లల మార్కులు పోల్చి చూశారు. చదువులో వెనకబడ్డ పిల్లలకి మార్కులు స్పష్టంగా పెరిగాయి. ముందు బెంచీ వాళ్లకి ఉన్నా లేకపోయినా ఒకటే. తర్వాత అదే లెక్క స్వీడన్‌లో వేస్తే ఎవరికీ తేడా రాలేదు. అమ్మడూ, నువ్వడిగినలాంటి రుజువు, రేఖాగణితంలో ఉండేలాంటిది, ఇందులో దొరకదు. నాకు అర్థమైంది ఇంతే. ఫోను అందరి దగ్గరా ఒకే పన్ను వసూలు చెయ్యదు. ఏ సబ్జెక్టులో మన పట్టు అంతంతమాత్రంగా ఉంటుందో అక్కడ ముందు కోస్తుంది. నీకు సోషల్ మార్కులు తగ్గలేదు, లెక్కల్లోనే తగ్గాయి. గమనించావా?

అది ఎలా కోస్తుందో నాకు పుస్తకాల్లో కంటే ఒక అవధానంలో బాగా తెలిసింది. కిందటి ఉగాదికి మా ఊళ్లో అష్టావధానం పెట్టారు. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకాయన సమస్య ఇస్తాడు, అంటే పూరించమని చిక్కుముడిలాంటి ఒక పద్యపాదం. ఇంకొకాయన పొంతన లేని నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం కట్టమంటాడు. మరొకాయన అడుగడుగునా అడ్డుపడి ఈ అక్షరం వాడకూడదంటాడు. అవధాని చేతిలో కాగితం లేదు, కలం లేదు. ఒకరికి ఒక పాదం చెప్పి పక్కవాళ్ల దగ్గరికెళ్లాలి. అలా చుట్టు తిరిగొచ్చి రెండో పాదం. ఆఖర్న ఆ పద్యాలన్నీ పొల్లు పోకుండా అప్పజెప్పాలి. దాన్నే ధారణ అంటారు.

ఆ ఎనిమిదిమందిలో ఒకడున్నాడు చూశారూ, అప్రస్తుత ప్రసంగి, వాడికి పద్యంతో పనిలేదు. అవధాని మూడో పాదంలో యతి కోసం వెతుక్కుంటుంటే, "అవధానిగారూ, ఇవాళ మీ ఇంట్లో వంకాయా బెండకాయా?" అంటాడు. సభంతా నవ్వుతుంది. ఆయన కూడా నవ్వాలి, చమత్కారంగా బదులివ్వాలి, మళ్లీ పద్యంలో వదిలిన చోటికే రావాలి. చెప్పొద్దూ, నాకు ఆయన పద్యాల కంటే ఆ తిరిగి రావడమే అబ్బురంగా తోచింది. దాని కోసం ఆయన ఏళ్లకేళ్లు సాధన చేశాడు. అదీ పూటకి ఒక్క ప్రసంగినే తట్టుకోవడానికి, రెండు మూడు గంటల సేపు. మీరు ఏ సాధనా లేకుండా పుస్తకం పక్కన అలాంటివాళ్లని నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుంటున్నారు. వాట్సాప్ ఒకడు, ఇన్‌స్టా ఒకడు, యూట్యూబ్ ఒకడు. "నేను రెండూ ఒకేసారి చెయ్యగలను తాతయ్యా" అన్నాడు మన చిన్నవాడు. ఒరేయ్, అవధాని కూడా రెండూ ఒకేసారి చెయ్యడు. ఒకటి పక్కన పెట్టి రెండోది తీస్తాడు, అంతే. పక్కన పెట్టింది చెక్కుచెదరకుండా ఉంటుంది, అదీ ఆయన గొప్ప.

మనకి చెదిరిపోతుంది. వర్గ సమీకరణం చేస్తున్నావనుకో. లబ్ధం 24, మొత్తం 10 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. మూడు, ఎనిమిది కాదు. రెండు, పన్నెండు కాదు. ఇవన్నీ కాసేపు మనసులో చేత్తో పట్టుకున్నట్టు పట్టుకోవాలి. ఆ పట్టులో ఒకేసారి నాలుగైదు సంగతుల కంటే ఇమడవు. ఈలోగా 'టింగ్' మంది. చూశావు. నీ స్నేహితురాలు కొత్త ఫొటో పెట్టింది. అర నిమిషం కూడా పట్టలేదు. వెనక్కొచ్చేసరికి పట్టుకున్నవన్నీ జారిపోయాయి, మళ్లీ మూడు, ఎనిమిది దగ్గర మొదలు. పైగా ఫొటో పోదు, దానికి నేనేం కామెంటు పెట్టాలి అన్నది వెనకాల నడుస్తూనే ఉంటుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని మీదే రాసింది. ఒక పని సగంలో వదిలి ఇంకో పనిలోకి వెళితే మొదటిదాని మడ్డి మనసులో మిగిలిపోతుందని ఆవిడ వాదన. మీ నానమ్మకి ఈ పరిశోధన చదివి వినిపిస్తే, "పులుసు గిన్నె కడక్కుండా పాలు పోస్తే విరగవూ?" అంది. ఆ లెరాయ్ మొత్తం వ్యాసం అందులో ఉంది.

ఇంకో ప్రయోగం. 2017లో అమెరికాలో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంవాళ్లు కాలేజీ పిల్లల్ని పిలిచి మనసు నిలిపి చెయ్యాల్సిన పరీక్షలు పెట్టారు. అందరి ఫోన్లూ సైలెంటే. కొందరు బల్ల మీద బోర్లించారు, కొందరు జేబులోనో సంచిలోనో ఉంచుకున్నారు, కొందరు పక్క గదిలో పెట్టొచ్చారు. పక్క గదిలో పెట్టినవాళ్లు, బల్ల మీద పెట్టుకున్నవాళ్ల కంటే మెరుగ్గా చేశారు. ఫోను మోగలేదు, వాళ్లు ముట్టుకోలేదు. చూడకూడదు చూడకూడదు అనుకోవడానికే బుర్రలో కొంత ఖర్చయిపోయిందని వాళ్ల ఊహ. తర్వాత వేరేవాళ్లు చేస్తే కొన్నిచోట్ల ఇంత తేడా రాలేదు, అదీ చెప్పాలి కదా. దీన్ని నమ్మొద్దు, పరీక్షించండి. ఎలాగో చివర్లో చెబుతాను.

మీకు మనోబలం లేదని తిట్టేవాళ్ల మాట పట్టించుకోకండి. అవతలివైపున్నది మామూలు పోటీ కాదు. అంతులేకుండా కిందికి జారే ఆ పేజీని 2006లో ఏజా రాస్కిన్ అనే ఆయన తయారుచేశాడు, తర్వాత ఎందుకు చేశానా అని ఆయనే నొచ్చుకున్నాడు. పుస్తకంలో పాఠం అయిపోతుంది, కింద అభ్యాసం ఉంటుంది, అక్కడ ఆగుతాం. రీల్స్‌కి ఆఖరి పేజీ లేదు. తర్వాత వచ్చేది బాగుంటుందో చప్పగా ఉంటుందో ముందు తెలియకపోవడమే అందులో కిటుకు. తెలియని బహుమతి కోసం పావురాలు మీటని పదేపదే పొడుస్తూనే ఉంటాయని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎప్పుడో చూపించాడు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది రీల్స్ కాదు. మీ క్లాసు గ్రూపు. సాయంత్రం ఆరింటికి మేడమ్ హోంవర్క్ ఇస్తారు, ఏడింటికల్లా ఎవరో ఒక బుద్ధిమంతురాలు మొత్తం చేసి ఫొటోలు పెడుతుంది. మిగతా అందరూ దాన్ని చూసి, అర్థం చేసుకుని, శుభ్రంగా నోట్సులో దించుకుంటారు. కాపీ కొట్టారని నేననడం లేదు, నిజంగానే అర్థమవుతుంది. అక్కడే ఉంది మోసం. ఇంకొకళ్లు చేసిన లెక్క చదువుతుంటే ప్రతి స్టెప్పూ "అవును కదా" అనిపిస్తుంది. యూట్యూబ్‌లో సార్ చెబుతుంటే ఇంకా హాయి, రెండింతల వేగంతో పెట్టినా అర్థమవుతుంది. పరీక్ష హాల్లో మాత్రం తెల్లకాగితం ముందు మొదటి స్టెప్పు రాదు. ఈత కొట్టేవాణ్ణి గట్టు మీంచి చూస్తే మనకి ఈత రాదు కదా!

దీనికి మంచి ప్రయోగమే ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ పిల్లలకి ఒక పాఠం ఇచ్చారు. కొందరిని మళ్లీ చదవమన్నారు. కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాలకి అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తలకిందులైంది, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మా చిన్నప్పుడు అప్పజెప్పించుకోవడం అనేవాళ్లం, పంతులుగారు బెత్తం పట్టుకుని చేయించేవారు. బెత్తం తప్పు, పద్ధతి ఒప్పు. గ్రూపులో చూసింది చూసినట్టు పోతుంది, అప్పజెప్పేవాడు ఉండడు కాబట్టి.

నిద్ర గురించి ఎక్కువ రాయను, మీ అమ్మ రోజూ చెబుతోంది. మీ వయసుకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. పగలు చదివింది నిలదొక్కుకునేది రాత్రి నిద్రలోనే. పన్నెండు దాకా దుప్పట్లో ఫోను వెలిగితే, మర్నాడు మొదటి పీరియడ్ ఎవరికి చెప్పినట్టు?

అలాగని మీ ఫోనుకి నేను శత్రువుని కాను. 2020లో బడులు మూసేసినప్పుడు పాఠం పిల్లల దాకా వెళ్లిందంటే టీవీ వల్లా ఫోను వల్లే. ఫిజిక్స్ మేష్టారు లేని బళ్లో చదివే పిల్లకి యూట్యూబే మేష్టారు. పల్లెటూళ్ల పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ వాళ్లు 2024లో మన దేశంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని అడిగారు. ఫోను వాడటం తెలిసినవాళ్లలో, ఆ వారంలో చదువుకి వాడామన్నవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడామన్నవాళ్లు 76 శాతం. రెండూ చేసేవాళ్లూ చాలామందే ఉన్నారన్నమాట. మీలాగే.

నాలాగే కూడా. చెప్పకపోతే ఈ ఉత్తరం దొంగ ఉత్తరం అవుతుంది. పొద్దున్నే నా రిటైర్డ్ మేష్టర్ల గ్రూపులో నలభై శుభోదయాలు వస్తాయి. అన్నిటికీ దణ్ణం బొమ్మ పెట్టాలి, లేకపోతే ఒకాయన అలుగుతాడు. ఒకప్పుడు ఒక్క బిగిన యాభై పేజీలు చదివేవాణ్ణి. ఈ మధ్య పది పేజీలకే చెయ్యి తడుముకుంటోంది. డెబ్బై దాటిన నాకే ఇలా ఉంటే, నిన్న మొన్నటి మీ బుర్రల్ని ఏమనగలను?

ఇప్పుడు అసలు పని. అమ్మడూ, నీకు రుజువు కావాలి కదా, నువ్వే చెయ్యి. ఒకే అధ్యాయంలోంచి ఒకే కష్టం ఉన్న లెక్కలు ఇరవై ఎంచు. సోమవారం పది లెక్కలు, ఆ కాసేపటికి నాన్ననడిగి తీసుకున్న ఫోను పక్కనే, ఎప్పటిలాగే. మంగళవారం పది, ఫోను వంటింట్లో బియ్యం డబ్బా మీద. ఒక్క రోజుతో తేల్చకు, రెండు వారాలు చెయ్యి, రోజులు అటూ ఇటూ మారుస్తూ ఉండు. టైము చేతి గడియారంలో చూడు, ఫోనులో చూశావా, ప్రయోగం అక్కడే చెడింది. ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్ని తప్పులు వచ్చాయి, రెండు వరసల్లో రాసి పంపు. చిన్నవాడు కూడా చెయ్యాలి, ఆ రెండు పనుల మొనగాడు. నేనూ చేస్తున్నాను, లెక్కలతో కాదు, పేజీలతో. తేడా రాకపోతే అలాగే రాయండి, నాన్నతో మాట్లాడి బీరువా తాళం నేను తీయిస్తాను.

ఆవకాయ జాడీ బస్సులో పంపిస్తున్నాం. మూత గట్టిగా బిగించాను, నిలువుగా పట్టుకోమని నాన్నకి చెప్పండి.

ఇట్లు,
తాతయ్య