లీగ్ టూ సగం సీజన్ పట్టిక: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లాండ్ ఫుట్‌బాల్‌లో కింది డివిజన్ల మ్యాచ్‌లు చూస్తూ ప్రతి పాసు, ప్రతి హెడర్, ప్రతి త్రో ఎక్కడ, ఏ సెకనులో జరిగిందో కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా ఉద్యోగం. చలికాలంలో అక్కడ శనివారం మధ్యాహ్నం మూడంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర, అంటే ఇంట్లో వాళ్ళు భోజనాలకి కూర్చునే టైముకి నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను. ఏటా జనవరి రాగానే, అంటే సీజన్ సగం అయ్యేసరికి, స్నేహితులు, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అవే మాటలు అంటుంటారు కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నా.

ముందు లెక్క తెలియని వాళ్ళకి: లీగ్ టూ అంటే ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి నాలుగో మెట్టు. 24 క్లబ్బులు, ఒక్కోదానికి 46 మ్యాచ్‌లు. మొదటి మూడు నేరుగా పై డివిజన్‌కి వెళ్తాయి (అదే ప్రమోషన్), 4 నుంచి 7 దాకా ఉన్నవి ప్లేఆఫ్స్ అనే నాకౌట్ మ్యాచ్‌లలో కొట్టుకుంటే వాటిలో ఒకటి వెళ్తుంది. చివరి రెండు ఐదో మెట్టయిన నేషనల్ లీగ్‌కి పడిపోతాయి.

అపోహ: జనవరికి పెద్ద ఆధిక్యంలో ఉంటే ఇక ప్రమోషన్ ఖాయం.

వాల్సాల్ అభిమాని దగ్గర ఈ మాట అని చూడండి. 2024-25 సీజన్ జనవరిలో ఆ జట్టు 12 పాయింట్ల తేడాతో పట్టికలో పైన ఉంది. పేపర్లు, పాడ్‌కాస్ట్‌లు అన్నీ వాల్సాల్ వెళ్ళిపోయినట్టే మాట్లాడాయి, ఇక మిగిలిన రెండు స్థానాలు ఎవరివి అన్నదే చర్చ. మనవాళ్ళు అంటారే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని, అచ్చం అదే. ఆ జట్టు గోల్స్‌లో పెద్ద వాటా స్టోక్ సిటీ క్లబ్బు నుంచి లోన్ మీద, అంటే కొన్నాళ్ళ అరువు మీద, వచ్చిన కుర్రాడు నేథన్ లోవ్‌ది. జనవరిలో స్టోక్ అతన్ని వెనక్కి పిలిపించుకుంది. తప్పేం లేదు, వాళ్ళ ఆటగాడు, వాళ్ళ హక్కు. ఒక్క మనిషి వెళ్తే అంతా కూలిపోయిందని నేను అనను, గాయాలున్నాయి, టెన్షన్ ఉంది, వెనక జట్లు పుంజుకోవడం ఉంది. కానీ ఆ తర్వాత వారాల తరబడి గెలుపన్నదే లేదు, ఆధిక్యం కరిగి కరిగి చివరి రోజుకి ప్రమోషనే దారం మీద వేలాడింది. ఆ రోజు వాల్సాల్ క్రూ అనే జట్టు గ్రౌండ్‌లో 1-0తో గెలిచింది కూడా. అటు బ్రాడ్‌ఫర్డ్ సిటీ తన మ్యాచ్‌లో 96వ నిమిషంలో గోల్ కొట్టి మూడో స్థానం లాగేసుకుంది. 78 పాయింట్లు బ్రాడ్‌ఫర్డ్‌వి, 77 వాల్సాల్‌వి. పోనీ ప్లేఆఫ్స్ ఉన్నాయి కదా అంటే, లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగే ఫైనల్ దాకా వెళ్ళి ఐదో స్థానంలో ముగించిన ఏఎఫ్‌సీ వింబుల్డన్ చేతిలో 1-0తో ఓడిపోయింది.

అందుకే సగం సీజన్‌లో నేను పాయింట్ల కన్నా ముందు చూసేది లోన్ జాబితా. ఆ క్లబ్బు గోల్స్ ఎవరు కొడుతున్నారు, అతను ఎవరి ఆటగాడు, జనవరిలో వెనక్కి పిలిచే షరతు ఉందా. పెద్ద క్లబ్బులు తమ కుర్రాళ్ళని ఇలాంటి చోట్లకి అనుభవం కోసం పంపిస్తాయి. కుర్రాడు బాగా ఆడితే తీసుకెళ్ళిపోతారు, ఆడకపోతే మీ దగ్గరే ఉంటాడు. అంటే లోన్ ఎంత బాగా కలిసొస్తే అంత ప్రమాదం.

కోచ్‌ల సంగతీ అంతే. 2023-24లో నాట్స్ కౌంటీ ప్లేఆఫ్ రేసులో ఉండగా జనవరి మొదట్లో స్వాన్సీ క్లబ్బు వచ్చి కోచ్ ల్యూక్ విలియమ్స్‌ని పట్టుకుపోయింది. సీజన్ అయ్యేసరికి నాట్స్ కౌంటీ 14వ స్థానం.

అపోహ: అడుగున ఉన్నవాళ్ళ పని అయిపోయింది.

24లో పడేది ఇద్దరే, అది మర్చిపోవద్దు. 2008-09లో బోర్న్‌మౌత్ ఆర్థిక గందరగోళం వల్ల 17 పాయింట్ల కోతతో సీజన్ మొదలుపెట్టి, డిసెంబరు 31న 31 ఏళ్ళ ఎడ్డీ హౌ చేతిలో జట్టుని తాత్కాలికంగా పెట్టింది. బతికి బయటపడింది. 2015 కల్లా ప్రీమియర్ లీగ్‌లో ఉంది. న్యూపోర్ట్ కౌంటీది ఇంకా ఘోరం: 2016-17లో 12 మ్యాచ్‌లు మిగిలి ఉండగా గట్టుకి 11 పాయింట్ల దూరం. ఆఖరి రోజు 89వ నిమిషంలో మార్క్ ఓబ్రయన్ కొట్టిన గోల్‌తో గట్టెక్కింది.

అలాగని జనవరిలో డబ్బు కుమ్మరిస్తే గట్టెక్కేస్తారని కూడా కాదు. 2024-25లో కార్లైల్ యునైటెడ్ జనవరిలో ఆటగాళ్ళని కుప్పలుగా తెచ్చుకుంది, ఫిబ్రవరిలో మార్క్ హ్యూస్‌ని కోచ్‌గా పెట్టుకుంది, అయినా పడిపోయింది. ఒకేసారి సగం జట్టు మారితే ఎవరు ఎక్కడికి పరుగెడతారో తోటివాళ్ళకే తెలియదు. ఇలాంటి జట్ల మ్యాచ్ ఎక్కించేటప్పుడు నాకు ఎవరూ లేని చోటికి వెళ్ళిన పాస్‌లు ఎక్కువ కనిపిస్తాయి.

అపోహ: చేతిలో రెండు మ్యాచ్‌లున్నాయి (అంటే పక్క జట్ల కన్నా రెండు తక్కువ ఆడాం) కాబట్టి గెలుపుకి మూడు చొప్పున ఆరు పాయింట్లు కలుపుకోవచ్చు.

ఎలా కలుపుతారండీ? మంచు కురిసి గ్రౌండ్ గడ్డకట్టో, ముగ్గురు ఆటగాళ్ళు దేశం తరఫున ఆడటానికి వెళ్ళో మ్యాచ్ వాయిదా పడుతుంది. అది మళ్ళీ వచ్చేది ఏ ఫిబ్రవరి మంగళవారం రాత్రో. బారో నుంచి గిల్లింగ్‌హామ్ వెళ్ళాలంటే రోడ్డు మీద 500 కిలోమీటర్ల పైనే. శనివారం ఒక మ్యాచ్, మంగళవారం ఈ ప్రయాణం, మళ్ళీ శనివారం ఇంకోటి, ఇరవై మంది ఉన్న జట్టుతో. మిగిలిన మ్యాచ్ అంటే పాయింట్లతో పాటు అలసట కూడా మిగిలి ఉన్నట్టే. నేనైతే మ్యాచ్‌కి సగటు ఎన్ని పాయింట్లో చూస్తాను. కోవిడ్ వల్ల 2019-20 సీజన్ మధ్యలో ఆగిపోయినప్పుడు లీగ్ వాళ్ళు చేసింది కూడా అదే: స్విండన్‌కి, క్రూకి చెరో 69 పాయింట్లు, స్విండన్ ఒక మ్యాచ్ తక్కువ ఆడింది కాబట్టి టైటిల్ స్విండన్‌కే.

అపోహ: కింది డివిజన్ అంటే గుడ్డిగా తన్నుకోవడమే.

కొంత నిజం, ఒప్పుకుంటాను. కానీ ఆ పొడవు బంతుల వెనక లెక్క ఉంటుంది. లాంగ్ త్రో, అంటే పక్క గీత మీంచి చేతులతో గోల్ ముందుకి విసిరే బంతి, ఒకటి చూడండి. బంతి బయటికి పోగానే ఒకడు టవల్‌తో దాన్ని తీరిగ్గా తుడుస్తాడు, ఈలోపు వెనక డిఫెన్స్‌లోంచి ఇద్దరు ఆజానుబాహులు నడుచుకుంటూ గోల్ ముందుకొస్తారు, ఒకడు గోల్‌కీపర్‌ని ఆనుకుని నిలబడతాడు, ఇంకొకడు బాక్స్ అంచున, తలకి తగిలి బయటికొచ్చే బంతి కోసం. వీళ్ళు కాచుకునేది ఆ రెండో బంతి కోసమే. నా స్క్రీన్ మీద మాత్రం అంతసేపూ ‘ఆట ఆగింది’ అనే ఉంటుంది, అందుకే గణాంకాలు మాత్రమే చూసేవాళ్ళకి ఇదంతా కనపడదు. పైగా ఆగస్టులో పచ్చగా ఉన్న గ్రౌండ్ జనవరికి గోల్ ముందు బురదగా మారాక, పొట్టి పాస్‌ల జట్లు కూడా గాల్లోకి లేపుతాయి. డిసెంబరు దాకా చూసిన శైలిని బట్టి మార్చిని ఊహించడం కష్టం.

అపోహ: డబ్బున్న ఓనరు వస్తే చాలు.

రెక్స్‌హామ్ క్లబ్బుని చూపిస్తారు. నటులు ర్యాన్ రెనాల్డ్స్, రాబ్ మెకెల్హెన్నీ 2021లో కొన్నారు, 2023, 2024, 2025లో వరుసగా మూడు ప్రమోషన్లు. నిజమే. మరి సాల్ఫర్డ్ సిటీ? గ్యారీ నెవిల్, బెక్‌హామ్ లాంటి పేరున్న మాజీ ఆటగాళ్ళు వెనక ఉన్నారు, 2019లో లీగ్ టూకి వచ్చి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయింది. మనవైపు నుంచీ ఒక ఉదాహరణ ఉంది. పేపర్లో రోజూ వచ్చే ఎన్ఈసీసీ గుడ్డు ధర చూస్తారు కదా, ఆ ఎన్ఈసీసీని పెట్టిన బి.వి.రావు గారి కుటుంబమే 2010లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని కొన్న వెంకీస్. అప్పటికి ప్రీమియర్ లీగ్‌లో ఉన్న క్లబ్బు 2012లో ఒక మెట్టు, 2017లో ఇంకో మెట్టు దిగి మూడో మెట్టయిన లీగ్ వన్‌లో పడింది. మరుసటి ఏడే పైకొచ్చింది, అది వేరే సంగతి.

అపోహ: పడిపోతే ఏముంది, మరుసటి ఏడు లేచి రావచ్చు.

బ్లాక్‌బర్న్ వచ్చినట్టు అందరూ రాలేరు, లీగ్ టూ నుంచి పడితే మరీ కష్టం. నేషనల్ లీగ్ నుంచి నేరుగా పైకొచ్చేది ఒక్క జట్టు, ప్లేఆఫ్స్ ద్వారా ఇంకొకటి, అంతే. 2022-23లో నాట్స్ కౌంటీ 107 పాయింట్లు తెచ్చుకుని కూడా రెండో స్థానమే, ఎందుకంటే రెక్స్‌హామ్‌కి 111. ఆఖరికి వెంబ్లీలో పెనాల్టీల మీద బయటపడింది. ఒకప్పుడు ప్రీమియర్ లీగ్‌లో ఆడిన ఓల్డమ్ 2022లో పడిపోయి, తిరిగి రావడానికి మూడేళ్ళు పట్టింది, అదీ ప్లేఆఫ్ ఫైనల్‌లో 3-2తో. ఏటా మూడో జట్టుకి కూడా పైకొచ్చే అవకాశం ఇవ్వమని నేషనల్ లీగ్ క్లబ్బులు 2025లో అడిగాయి. 22, 23 స్థానాల మధ్య గీత మీద ఉన్న జట్లు ఏప్రిల్‌లో ఆడే 0-0 మ్యాచ్‌లు చూడటానికి చాలా బోరు కొడతాయి, కానీ వాళ్ళు ఎందుకలా ఆడతారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.